అశ్లీలం అని రాయకండి

2025 జూలైలో కేంద్ర ప్రభుత్వం అశ్లీలం చూపిస్తున్నాయంటూ ఒకేసారి 25 యాప్‌లనూ వెబ్‌సైట్లనూ నిలిపివేసిన వార్త వచ్చినప్పుడు మా ఇంట్లో అందరూ సంతోషించారు. టీవీలో ఉల్లు, ఆల్ట్ అంటూ పేర్లు చదువుతుంటే మా అత్తగారు "ఇన్నాళ్లకు ఒక మంచి పని చేశారమ్మా" అన్నారు. మావారు ఔనన్నట్టు తలూపారు. పదమూడేళ్ల కొడుకు ఉన్న తల్లిని కాబట్టి నాకూ ఊరటగానే అనిపించింది. ఆ రాత్రి వంటిల్లు సర్దుకుంటూ ఉండగా బీరువా పైఅరలో, చీరల కింద ఉన్న ఒక లాంగ్ నోటుబుక్కు గుర్తుకొచ్చింది. ఆ ఊరట ఇక నిలవలేదు.

అది నాది కాదు, నా దగ్గర డిగ్రీ చదివిన ఒక అమ్మాయిది. అందులో పాఠాలు లేవు, లింకులున్నాయి. ఒక్కొక్క లింకూ ఒక్కొక్క పేజీలో, చేత్తో, నీలి ఇంకుతో రాసి ఉంది. పైన తేదీ, కింద "చూశాను", "ఇంకా ఉంది", "పోయింది", "మళ్లీ వచ్చింది" అనే మాటలు. తనను ప్రేమించానన్న మనిషి వీడియో కాల్‌ను ఆమెకు తెలియకుండా రికార్డు చేశాడు. ఆమె పెళ్లికి ఒప్పుకోకపోయేసరికి దాన్ని తీసుకెళ్లి బూతు సైట్లలో పెట్టాడు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి పాకుతూ పోయింది. ఎక్కడెక్కడ ఉందో జాబితా తెమ్మన్నారు స్టేషనులో.

చేత్తో ఎందుకు రాశావమ్మా అని అడిగాను. ప్రింటు తీయించాలంటే జిరాక్సు షాపుకు వెళ్లాలి కదా మేడం అంది. నాకు నోట మాట రాలేదు.

ఆ లింకులు మామూలు మాటల్లా ఉండవు. అక్షరాలూ అంకెలూ కలగాపులగంగా, ఇరవై ముప్ఫై వరకు ఉంటాయి. అంకె ఒకటికీ ఇంగ్లీషు చిన్న ఎల్‌కూ తేడా తెలియదు. సున్నా అయితే ఓ అక్షరంలా ఉంటుంది. ఒక్కటి తప్పు రాసినా ఆ పేజీ తెరుచుకోదు, తెరుచుకోకపోతే ఫిర్యాదులో అది లెక్కకు రాదు. నేను పైకి చదువుతుంటే ఆమె ఫోనులో కొట్టి సరిచూసుకునేది. సరిచూసుకోవడమంటే ఆ పేజీ తెరవడమే. అంటే ప్రతిసారీ తన్ను తాను చూసుకోవడమే. ఆ మధ్యాహ్నం మా వరండాలో కూర్చుని పదిహేడు సార్లు ఆమె ఆ పని చేసింది. పద్దెనిమిదో దానికి ఫోను నా చేతికిచ్చి, "మీరు చూడండి మేడం, నా వల్ల కావడం లేదు" అంది.

ఈ వ్యాసం ఎందుకు రాస్తున్నానో ముందే చెప్పేస్తాను. ఆన్‌లైన్‌లో బూతు వ్యాపారం మీద మన ప్రభుత్వాలు, కోర్టులు ఇన్నేళ్లుగా చేస్తున్న పనిలో మొదటి ప్రశ్నే తప్పు పడిందని నా నమ్మకం. "ఇది అసభ్యమా?" అని అడుగుతున్నారు. అడగవలసింది "ఇందులో ఉన్న మనిషి దీనికి ఒప్పుకుందా?" అని.

ఒకే ఏడాది, ఒకే కోర్టు

2015లో ఈ రెండు ప్రశ్నలూ సుప్రీంకోర్టు ముందుకు పక్కపక్కనే వచ్చాయి.

మొదటిది మన హైదరాబాదు నుంచి వెళ్లింది. మనుషుల అక్రమ రవాణాకు వ్యతిరేకంగా పనిచేసే ప్రజ్వల సంస్థను నడిపే సునీతా కృష్ణన్ ఆ ఏడాది ఫిబ్రవరిలో అప్పటి ప్రధాన న్యాయమూర్తి హెచ్.ఎల్. దత్తుకు ఒక ఉత్తరం రాసి, దానితో పాటు ఒక పెన్‌డ్రైవ్ పంపారు. వాట్సాప్‌లో చేతులు మారుతున్న అత్యాచార వీడియోలు అందులో ఉన్నాయి. నేరం చేస్తున్న వాళ్ల మొహాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి, నవ్వుతున్నారు కూడా. అయినా వాళ్లెవరో వెతికే ప్రయత్నం ఎక్కడా జరగలేదు. బాధితుల మొహాలు కప్పేసి, నేరస్థుల మొహాలు చూపిస్తూ ఆమె ప్రచారం మొదలుపెడితే హైదరాబాదులోనే ఆమె కారు మీద రాళ్లు పడ్డాయి. జస్టిస్ మదన్ లోకూర్, జస్టిస్ యు.యు. లలిత్ ఆ ఉత్తరాన్నే పిటిషనుగా స్వీకరించారు. గూగుల్, ఫేస్‌బుక్, వాట్సాప్ వంటి కంపెనీలు కోర్టు మెట్లెక్కవలసి వచ్చింది.

రెండోది కమలేశ్ వాస్వానీ అనే ఇందౌర్ న్యాయవాది 2013లో వేసిన పిటిషను. దేశంలో పోర్న్ సైట్లన్నీ మూసేయాలని ఆయన కోరారు. 2015 జూలైలో అది విచారణకు వచ్చినప్పుడు అదే దత్తు గారు, వయసొచ్చిన మనిషి తన గది నాలుగు గోడల మధ్య చూసుకుంటానంటే ఎలా ఆపుతామని అడిగి, మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడానికి ఒప్పుకోలేదు.

తరువాత ఏది ఎంత వేగంగా కదిలిందో చూడండి. కోర్టు ఉత్తర్వు ఇవ్వకపోయినా, జూలై 31న ప్రభుత్వం 857 సైట్లు ఆపేయమని ఇంటర్నెట్ కంపెనీలకు చెప్పింది. నెల రోజులైనా పట్టలేదు. ఆ జాబితా పిటిషనరు ఇచ్చినదే. అందులో కాలేజ్ హ్యూమర్ అనే హాస్యపు సైటు కూడా ఉంది. గొడవ రేగాక నాలుగైదు రోజుల్లోనే వెనక్కి తగ్గి, పిల్లల మీద జరిగే లైంగిక దోపిడీ ఉన్న సైట్లు మాత్రమే ఆపండి, మిగతావి మీ ఇష్టం అన్నారు. ఏ సైటులో ఏముందో మేమెలా చూస్తామని కంపెనీలు చేతులెత్తేశాయి. ఆ జాబితాను నిజంగా ఎవరూ తెరిచి చూడలేదని నేను అనడానికి ఆధారం ఉంది. మూడేళ్ల తరువాత ఉత్తరాఖండ్ హైకోర్టు అదే జాబితాను అమలు చేయమన్నప్పుడు కేంద్రం మళ్లీ పరిశీలిస్తే 30 సైట్లలో అసలు అలాంటిది ఏమీ లేదని తేలింది. అందుకే రెండోసారి 827 మాత్రమే మూశారు.

సునీతా కృష్ణన్ ఉత్తరం సంగతి? నిపుణుల కమిటీ, కమిటీ నివేదిక, నివేదిక మీద వాదనలు, ఇలా మూడున్నరేళ్లు గడిచాయి. 2018 సెప్టెంబరు 20న, పిల్లల మీద దోపిడీ, అత్యాచార వీడియోల గురించి పేరు చెప్పకుండా ఫిర్యాదు చేయగలిగే పోర్టల్ మొదలైంది. సరిగ్గా వారానికి, సెప్టెంబరు 27న, ఉత్తరాఖండ్ కోర్టు సైట్లు మూయమన్న ఉత్తర్వు వచ్చింది. పత్రికల మొదటి పేజీల్లో కనిపించింది ఆ రెండోదే. మా స్టాఫ్‌రూములో కూడా దాని గురించే మాట్లాడుకున్నాం. పోర్టల్ సంగతి నాకు ఈ అమ్మాయి వచ్చాకగానీ తెలియలేదని ఒప్పుకుంటున్నాను. ఇక ఆ ఉత్తర్వుతో మూసిన సైట్లలో పెద్దది ఒకటి కొద్ది రోజులకే చివర అక్షరాలు మార్చుకుని ఇంకో చిరునామాతో తెరుచుకుంది.

చట్టం ఏ మాట వాడితే

సమాచార సాంకేతిక చట్టంలో 67, 67ఎ, 67బి అని మూడు సెక్షన్లున్నాయి. మొదటిది అశ్లీలం గురించి, రెండోది బాహాటమైన లైంగిక చర్యల గురించి, మూడోది పిల్లల గురించి. పిల్లల విషయంలో నాకు ఏ చర్చా లేదు. పిల్లలు సమ్మతించడమనేదే ఉండదు. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు అలాంటి వీడియోలు తొలగించకుండా, ఫిర్యాదు చేయకుండా ఫోనులో దాచుకోవడం కూడా నేరం కాగలదని చెబుతూ, "చైల్డ్ పోర్నోగ్రఫీ" అన్న మాటే వాడవద్దని కింది కోర్టులకు సూచించింది. ఆ మాట దోపిడీని ఒప్పుదలతో జరిగే పనిలా చూపిస్తుందనే ఆ సూచన చేసింది. ఆ భాగం చదివినప్పుడు నాకు ధైర్యం వచ్చింది. పేరు తప్పుగా పెడితే నేరం కూడా తప్పుగా కనిపిస్తుందని దేశపు అత్యున్నత న్యాయస్థానమే అంటోంది కదా.

అయితే పెద్దవాళ్ల విషయంలో ఆ జాగ్రత్త లేదు. 67ఎలో సమ్మతి అన్న మాటే లేదు. ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి తీసుకుని, ఇష్టపడి పెట్టినా అదే నేరం. ఒకరికి తెలియకుండా తీసి పెట్టినా అదే నేరం. మొదటిసారికి అయిదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. ఇక సమ్మతి లేకుండా ఒకరి శరీరపు రహస్య భాగాలను చిత్రించినా పంచినా వర్తించే సెక్షను వేరే ఉంది, 66ఇ. దానికి శిక్ష మూడేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. బెయిలు వెంటనే దొరుకుతుంది. ఒక మనిషి ఇష్టాన్ని తొక్కేయడం కంటే లోకం చూడకూడనిది చూపించడమే పెద్ద తప్పని మన చట్టం తూకం వేసి చెప్పినట్టే ఉంది ఇది.

ఈ తూకం స్టేషను బల్ల దగ్గర ఎలా దిగుతుందో నేను చూశాను. ఏ ఊరో, ఏ స్టేషనో చెప్పను. అక్కడ ఫిర్యాదు రాసుకునే రైటరు చెడ్డవాడు కాదు. కూర్చోమన్నాడు, మంచినీళ్లు తెప్పించాడు, గదిలో ఉన్న కుర్రవాళ్లను బయటికి పంపాడు. రాయడం మొదలుపెట్టి, పైకి చదువుతూ, "నా యొక్క అశ్లీల వీడియోను" అన్నాడు. అప్పటిదాకా తల వంచుకుని కూర్చున్న ఆ అమ్మాయి ఒక్కసారిగా తలెత్తింది.

"సార్, అశ్లీలం అని రాయకండి. నా అనుమతి లేకుండా తీసిన వీడియో అని రాయండి."

ఆయన కలం ఆపి, "సెక్షనులో ఆ మాటే ఉంటుందమ్మా, అది లేకపోతే కేసు నిలవదు" అన్నాడు. ఆ తరువాత మెల్లగా, ఆమె మంచి కోరే అంటున్నట్టుగా, "వీడియో కాల్ నువ్వే మాట్లాడావు కదా, అటు లాయరు ఏమంటాడో ఆలోచించుకో. నీ మీదకు కూడా రావచ్చు" అన్నాడు. బయటికి వచ్చాక ఆటో ఎక్కేదాకా ఆమె ఏమీ మాట్లాడలేదు. ఆటోలో అడిగింది, "మేడం, నాది కూడా నేరమేనా?"

కాదని గట్టిగా చెప్పాను. కానీ 67ఎ అక్షరాలా చదివితే, తనంతట తాను ఒక వీడియో పంపిన అమ్మాయిని కూడా అందులోకి లాగవచ్చు. ఆ భయంతోనే ఎంతమంది స్టేషను గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగారో.

2013లో, ఢిల్లీ అత్యాచార ఘటన తరువాత నేర చట్టంలో చేర్చిన సెక్షను ఒకటి ఈ విషయంలో మేలు. అప్పుడు 354సి, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 77. చిత్రించడానికి స్త్రీ ఒప్పుకున్నా, ఇతరులకు పంచడానికి ఒప్పుకోకపోతే పంచినవాడిది నేరమేనని అందులో వివరణే ఇచ్చారు. ఎంత చక్కటి వాక్యమో అది! ఒప్పుదలకు హద్దులుంటాయని, ఒక మనిషికిచ్చిన ఒప్పుదల లోకానికిచ్చినట్టు కాదని మన చట్టసభ రాయగలిగింది. పన్నెండేళ్ల తరువాత కూడా ఆ వాక్యం రైటరు నోటికి రాకపోవడమే నా బాధ.

నా వకీలు మిత్రురాలి అభ్యంతరం

ఇదంతా నేనొక వకీలు మిత్రురాలితో అంటే ఆమె నన్ను తేలిగ్గా వదల్లేదు. "67ఎకు బెయిలు హక్కుగా రాదు కనుకనే పోలీసులు కదులుతారు. అది తీసేస్తే నష్టపోయేది నీ విద్యార్థినే. ఆ పెట్టినవాడు సాయంత్రానికల్లా ఇంట్లో ఉంటాడు" అంది. ఆ మాట కాదనలేను. ఆచరణలో ఇవాళ బాధితులకు ఆసరాగా ఉన్నది ఆ కఠినమైన సెక్షనే. నేనడిగేది దాన్ని రేపే తీసేయమని కాదు. ఆ కాఠిన్యాన్ని తీసుకెళ్లి, సమ్మతి లేకపోవడాన్నే నేరంగా చూసే చోట పెట్టమని. అయిదేళ్ల శిక్ష 66ఇకి ఉంటే రైటరు కలం దానంతట అదే "అనుమతి లేకుండా" అని రాస్తుంది.

ఆమె రెండో ప్రశ్న ఇంకా కష్టమైనది. "సమ్మతి అంటున్నావు, సంతకమేనా సమ్మతి?" అంది. అమెరికాలో శాన్ డియేగోలో గర్ల్స్ డూ పోర్న్ అనే సైటు నడిచింది. మోడలింగ్ అని ప్రకటన ఇచ్చి పిల్లలను పిలిపించేవారు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వాళ్లు. వీడియోలు ఎక్కడో దూరదేశంలో డీవీడీలుగా అమ్ముతాం, ఇంటర్నెట్‌లో పెట్టం అని నమ్మబలికి సంతకాలు పెట్టించుకునేవారు. తీరా చూస్తే అన్నీ ఇంటర్నెట్‌లోనే. 22 మంది ఆడపిల్లలు కలిసి దావా వేసి 2020 జనవరిలో గెలిచారు. కోటీ ఇరవై లక్షల డాలర్లకు పైగా పరిహారం, వీడియోల మీద హక్కులు వాళ్లకే వచ్చాయి. పారిపోయిన యజమాని 2022 చివర్లో స్పెయిన్‌లో దొరికాడు.

ఈ కథ నా వాదనను బలహీనపరుస్తుందని మొదట అనుకున్నాను. ఎంత ఆలోచించినా బలపరుస్తుందనే అనిపిస్తోంది. అక్కడి కోర్టు ఆ వీడియోలు అసభ్యమా అని తేల్చడానికి కూర్చోలేదు. ఆ పిల్లలకు ఏం చెప్పారు, ఏం దాచారు, సంతకం ఎలా పెట్టించారు అని అడిగింది. అందుకే ఆ ఆడపిల్లలు బోనులో నిలబడి మాట్లాడగలిగారు. మన దగ్గర 2021లో ముంబయి పోలీసులు యాప్‌ల కోసం ఇలాంటి వీడియోలు తీస్తున్న ముఠాల మీద కేసులు పెట్టినప్పుడు, వెబ్ సిరీస్‌లో వేషమని చెప్పి పిలిచి బలవంతపెట్టారని కొందరు అమ్మాయిలు ఫిర్యాదు చేశారు. పని మొత్తం నేరమే అయినప్పుడు, మోసపోయిన నటి ఏ ఒప్పందం చూపించి నిలబడాలి? డబ్బు ఎగ్గొట్టారనాలన్నా, ఒప్పుకోని దృశ్యం తీయించారనాలన్నా ముందు తన నేరం తానే ఒప్పుకున్నట్టవుతుంది. 2024 మార్చిలో 18 ఓటీటీలు, 2025లో 25 వేదికలు మూతపడ్డాయి. వాటిలో కనిపించిన అమ్మాయిలు ఎలా వచ్చారు, ఇష్టపడి వచ్చారా, ఆ వీడియోలు ఇప్పుడు ఎక్కడ తిరుగుతున్నాయి అని ఆ రోజు ఏ చర్చలోనూ నేను వినలేదు. మా అత్తగారి మాట విని ఊరట పడినప్పుడు నాకూ తట్టలేదు.

తల్లిగా నా భయం

సమ్మతి అన్నంత మాత్రాన అన్నీ తేలిపోవు. నా కొడుకు సంగతి ఉంది.

వాడి ఫోనులో ఏవేవి తెరుచుకోకూడదో అన్నీ నేనే కట్టడి చేశాను. అయినా వాడి స్నేహితుల ఫోన్లున్నాయి. డాలస్‌లో ఉంటున్న మా చెల్లెలు, "మాకిక్కడ చట్టమే ఉందక్కా" అంటుంది. టెక్సస్‌లో వయసు రుజువు చూపిస్తేనే ఆ సైట్లు తెరుచుకోవాలని 2023లో చట్టం చేశారు. లూసియానాలో అంతకు ముందే, 2023 జనవరి ఒకటి నుంచి అమల్లో ఉంది. టెక్సస్ చట్టం చెల్లుతుందని 2025 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఆరుగురు ముగ్గురు తేడాతో తీర్పిచ్చింది. పోర్న్‌హబ్ అయితే ఆ రాష్ట్రంలో వయసు చూడటం కంటే తలుపు మూసుకోవడమే మేలనుకుని 2024 మార్చిలోనే ఆపేసుకుంది. "మరి మీవాడు?" అని అడిగాను. "వాడి ఫోనులో తెరుచుకోదు. పక్కింటి అబ్బాయి వీపీఎన్ పెట్టుకున్నాడట" అంది. వీపీఎన్ అంటే ఫోను ఏ చోట ఉందో దాచిపెట్టే యాప్. బ్రిటన్‌లో 2025 జూలై 25 నుంచి వయసు తనిఖీ తప్పనిసరి చేశారు. మన దగ్గర 25 యాప్‌లు మూసిన రోజులే అవి. అక్కడ ఆ వారంలోనే వీపీఎన్ యాప్‌ల డౌన్‌లోడ్లు ఒక్కసారిగా పెరిగాయి.

అయినా నేను వయసు తనిఖీని కొట్టిపారేయను. తలుపుకు గొళ్లెం పెడితే దొంగ రాడని కాదు, అయినా పెట్టుకుంటాం. పదమూడేళ్ల వాడికి మొదటి క్లిక్కులోనే దొరకడానికీ, వెతుక్కుంటేగానీ దొరకకపోవడానికీ తేడా ఉంది. నన్ను ఆపేది వేరే సంగతి. ఇక్కడ వయసు రుజువు అంటే ఆధార్ అంటారు. ఎవరు ఏ రాత్రి ఏ సైటు తెరిచారో ఆధార్ నంబరుతో సహా ఒక చోట పోగుపడితే అది బయటపడిన రోజున బెదిరింపులకు అంతుండదు. ఆ బెదిరింపులకు ముందు లొంగేదీ ఆడవాళ్లే. పద్దెనిమిది నిండాయా లేదా అన్న ఒక్క ముక్క తప్ప ఇంకేదీ అడగని, ఏదీ దాచుకోని పద్ధతి వస్తే నేను ముందు వరుసలో నిలబడి బలపరుస్తాను. అంతవరకు నా మనసు అటూ ఇటూ ఊగుతూనే ఉంది. దీని మీద నాకింకా తెగిన అభిప్రాయం లేదు.

మూయడానికి నేను వ్యతిరేకిని కాను

నోటుబుక్కులోకి మళ్లీ వస్తాను. అందులో మొదటి తొమ్మిది లింకులు పెద్ద కంపెనీలవి. 2021 నిబంధనల ప్రకారం ఇలాంటి వీడియో గురించి బాధితులుగానీ వాళ్ల తరఫున ఇంకెవరైనాగానీ ఫిర్యాదు చేస్తే అప్పట్లో 24 గంటల్లో తీసేయాల్సి ఉండేది. వాటిలో ఏడు ఒకటి రెండు రోజుల్లోనే పోయాయి. "పోయింది" అని రాసిన చోట ఆమె చేతిరాత కాస్త పెద్దదిగా ఉంది. ఈ నిబంధనలో నాకు నచ్చినది ఏమిటంటే, ఇది అశ్లీలమా అని ఎవరూ తీర్పు చెప్పనవసరం లేదు. "ఇది నేను, నాకు ఇష్టం లేదు" అంటే చాలు. మార్ఫింగ్ చేసిన బొమ్మలకు కూడా అదే వర్తిస్తుంది. 2023 నవంబరులో రష్మిక మందన్న మొహం అతికించిన వీడియో బయటికి వచ్చినప్పుడు, దాన్ని చేశాడని ఢిల్లీ పోలీసులు అరెస్టు చేసిన కుర్రవాడు మన గుంటూరు జిల్లాలో దొరికాడు. ఆ వీడియోలోని దేహం ఇంకో అమ్మాయిదని, ఆమెనూ ఎవరూ అడగలేదని ఎంతమందికి గుర్తుంది?

పదో లింకు నుంచి కథ మారిపోయింది. అవన్నీ ఏ దేశానివో తెలియని సైట్లు. ఫిర్యాదు చేయడానికి అధికారి లేడు, చిరునామా లేదు, ఉత్తరానికి జవాబు రాదు. నేను సైట్లు మూయమనేది ఇక్కడ. సమ్మతి లేని వీడియోను తొలగించమంటే పట్టించుకోని సైటును, పట్టించుకోలేదన్న కారణం చూపించి, ఆ కారణాన్ని అందరికీ చెప్పి మూయండి. ఎవరి పిటిషనులోనో ఉన్న జాబితా కాగితం చూసి కాదు. మన సైట్ల నిరోధపు ఉత్తర్వులు రహస్యంగా ఉంచాలని 2009 నిబంధనల్లోనే రాసుకున్నారు. ఏది ఎందుకు మూశారో తెలియకపోతే, తీసేయని సైటుకు భయమెక్కడిది?

ఎంత పెద్ద సైటయినా వంగుతుందనడానికి 2020 డిసెంబరు చూడండి. పోర్న్‌హబ్‌లో బలవంతపు వీడియోలు, మైనర్ల వీడియోలు ఉన్నాయని ఒక అమెరికా పత్రిక బయటపెట్టాక వీసా, మాస్టర్‌కార్డ్ చెల్లింపులు ఆపేశాయి. రోజుల్లోనే ఆ సైటు, ఎవరు పెట్టారో ధ్రువీకరణ లేని వీడియోలన్నిటినీ తొలగించింది. అక్కడున్న కోటీ ముప్ఫై లక్షల పైచిలుకు వీడియోల్లో సగానికి మించి మాయమయ్యాయి. అంటే ఆ పని ముందు నుంచీ చేయగలిగేదే. ఆ కదలిక చట్టసభలోగానీ కోర్టులోగానీ పుట్టలేదు, డబ్బు వచ్చే దారిలో పుట్టింది. రెండు ప్రైవేటు కంపెనీల చేతిలో అంత అధికారం ఉండటం మంచిదని నేననను. ఇష్టపడి ఆ పని చేసుకునే వాళ్ల జీతాలు కూడా ఆ దెబ్బకు పోయాయి. కానీ ఒక సంగతి మాత్రం కళ్ల ముందు జరిగింది. ఎవరు పెట్టారు, ఎవరి ఒప్పుదలతో పెట్టారు అన్న ప్రశ్న అడగగానే గుట్టలు గుట్టలుగా వీడియోలు జవాబు లేకుండా పడి ఉన్నాయి.

ఇంకొకటి. వీడియోను ఎవరికీ చూపించకుండా, దాని డిజిటల్ వేలిముద్ర మాత్రం తీసి కంపెనీలకు పంపే పద్ధతి ఉంది. స్టాప్ ఎన్‌సీఐఐ అనే సేవ 2021 నుంచి అలా పనిచేస్తోంది. వీడియో మన ఫోను దాటి వెళ్లదు, వేలిముద్రే వెళుతుంది. అది కలిసిన వీడియో మళ్లీ ఎక్కిస్తే సభ్య కంపెనీలు అడ్డుకోగలవు. 2023 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు కూడా బాధితురాలు ప్రతిసారీ కొత్త లింకులు వెతికి తెచ్చివ్వనవసరం లేకుండా చూడాలని సెర్చ్ కంపెనీలకు చెప్పింది. 2025 జూలైలో మద్రాసు హైకోర్టు ముందుకు ఒక మహిళా న్యాయవాది ఇలాంటి బాధతోనే వచ్చినప్పుడు, 48 గంటల్లో ఆ వీడియోలను తొలగింపించమని కేంద్రాన్ని ఆదేశించిన న్యాయమూర్తి కోర్టులోనే కంట తడిపెట్టారని పత్రికల్లో చదివాను. న్యాయవాది అయిన మనిషికే హైకోర్టు దాకా వెళితేగానీ కాకపోతే, మా ఊరి నుంచి బస్సెక్కి స్టేషనుకు వెళ్లిన అమ్మాయి సంగతి ఏమిటి?

ఆమె ఇప్పుడు వేరే నగరంలో ఉద్యోగం చేసుకుంటోంది. కేసు నడుస్తోంది. ఫిర్యాదులో "అశ్లీల" అనే మాట అలాగే ఉంది. దాని పక్కన, ఆమె పట్టుబట్టాక, "నా అనుమతి లేకుండా" అన్న మూడు మాటలు రైటరు చిన్న అక్షరాలతో పైన ఇరికించి, అంచున పొట్టి సంతకం పెట్టించుకున్నాడు. నోటుబుక్కు తన గదిలో ఉంటే ఎవరైనా చూస్తారని నా దగ్గరే ఉంచమంది.

మొన్న ఆదివారం ఫోను చేసింది. ముందు మా వాడి పరీక్షల గురించి, అత్తగారి మోకాళ్ల నొప్పుల గురించి అడిగింది. ఆ తరువాత కాసేపు ఆగి, "మేడం, ఇంకొకటి కనిపించింది, రాసుకుంటారా" అంది. బీరువా తెరిచి, కలం తీసుకుని, కొత్త పేజీ మీద తేదీ వేశాను. ఆమె ఒక్కొక్క అక్షరమే నెమ్మదిగా చెప్పింది. ఎల్ అన్నప్పుడు ఎల్ అని, ఒకటి అన్నప్పుడు అంకె ఒకటి అని. నేను తిరిగి చదివి వినిపించాను. అది నలభై మూడోది.